సెల్లార్‌లో హోమ్ థియేటర్: ప్రొజెక్టర్ ఏదో దూలమే తేల్చింది

హైదరాబాద్ పడమటి వైపు, తెల్లాపూర్ దగ్గర కడుతున్న విల్లాల్లో చాలావాటికి సెల్లార్ ఉంటోంది. పార్కింగ్‌కు పోగా మిగిలిన గదిని థియేటర్ చేయమని అడిగేవాళ్లు పెరిగారు. చాలామంది మొదటే ఒక ప్రొజెక్టర్ ఫొటో పంపి, ఎంతవుతుందని అడుగుతారు. ఈ ఇంటి పని కూడా అలాగే నా దగ్గరికి వచ్చింది. ప్రొజెక్టర్‌ను అన్నిటికంటే చివర ఎంచుకోవాలి, ఏది కావాలో గదే చెబుతుంది అని నేను ప్రతి ఇంట్లోనూ అంటాను. ఎందుకంటానో ఈ గదిలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించలేదు. కొలతలన్నీ ఇస్తున్నాను. ఇంటివాళ్ల వివరాలు ఇవ్వడం లేదు.

గది పొడవు 22 అడుగులు, వెడల్పు 14. నేల నుంచి శ్లాబు 9 అడుగుల 6 అంగుళాలు. మధ్యలో అడ్డంగా అడుగు మందం దూలం, దాని కింది అంచు నేలకు సరిగ్గా 8 అడుగుల ఎత్తున ఉంది. రెండు గోడలు మట్టిని ఆపే రిటైనింగ్ గోడలు. కిటికీ లేదు. ఇంట్లో ఆరుగురు. తెలుగు సినిమాలు, క్రికెట్, కొడుక్కి ప్లేస్టేషన్. ముందు వరసలో ముగ్గురు, వెనక వరసలో నలుగురు కూర్చోవాలి. బంధువులొస్తే పిల్లలు కింద పరుపుల మీద.

వాళ్లు పంపిన ఫొటో లేజర్ టీవీది, అంటే గోడకు జానెడు దూరంలో బల్ల మీద పెట్టే అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టర్. పగటి వెలుతురున్న హాల్లో అది మంచి వస్తువే. దానికి వాడే ప్రత్యేక స్క్రీన్ పైనుంచి వచ్చే వెలుతురును పక్కకు తోసేసి, కిందినుంచి వచ్చే బొమ్మనే మన వైపు పంపుతుంది. కిటికీ లేని సెల్లార్‌లో ఆ గుణంతో పని లేదు, దాని ఖర్చు మాత్రం మిగులుతుంది. పైగా ఆ స్క్రీన్ వెనక స్పీకర్లు పెట్టడం కుదరదు. సినిమా హాల్లో చూసినట్టు మాట తెర మీది మనిషి నోటి నుంచే రావాలని వీళ్ల కోరిక. దానికి నేత స్క్రీన్, అంటే శబ్దం లోంచి దాటి వచ్చేలా బట్టలా నేసిన తెర కావాలి, నేత స్క్రీన్‌కు దూరం నుంచి వేసే ప్రొజెక్టర్ కావాలి. ఈ మాట దగ్గరే లేజర్ టీవీ ఆలోచన ఆగిపోయింది.

ముందు చెమ్మ సంగతి

హైదరాబాద్ నేల కింద గ్రానైట్ రాయి. సెల్లార్ కోసం రాయిని పగలగొట్టినప్పుడు ఏర్పడే చీలికల వెంట వానాకాలంలో నీళ్లు నడుస్తాయి, గోడ దగ్గరికొచ్చి ఆగుతాయి. ఈ గదిలో ఒక మూల నేలకు గోడ కలిసేచోట తెల్లటి ఉప్పు పొంగి ఉంది. రంగు వేసి కప్పేస్తే ఏడాదికి మళ్లీ బయటపడుతుంది, ఈలోపు ప్యానెల్ వెనక బూజు పడుతుంది. ప్రొజెక్టర్‌కు కూడా ఇది చిన్న విషయం కాదు. తేమ ఎక్కువగా ఉండే గదిలో లెన్స్ అద్దాల మధ్య ఫంగస్ పెరుగుతుంది. ఒకసారి పెరిగితే తుడిచే వీలుండదు, లెన్స్ విప్పాల్సిందే.

పరీక్ష సులువు. అడుగున్నర చదరం పాలిథీన్ షీటు గోడకు ఆనించి నాలుగు అంచులూ టేపుతో మూసేసి రెండు రోజులు వదిలేయాలి. గోడ వైపు బొట్లు పడితే నీరు గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే గాలిలో తేమ చల్లటి గోడ దగ్గర నీరవుతోంది. మొదటిదానికి వాటర్‌ప్రూఫింగ్, రెండోదానికి డీహ్యూమిడిఫయర్, అంటే గాలిలో తేమను లాగేసే యంత్రం. ఇక్కడ ఆ మూలన మొదటిది, మిగతా చోట్ల రెండోది. నేలకూ గోడకూ మధ్య అతుకులో రంధ్రాలు వేసి పీయూ గ్రౌటింగ్ చేయించాం, అంటే పాలీయురేథేన్ రసాయనాన్ని ఒత్తిడితో లోపల నింపించాం. ఒక వానాకాలం గడిచాకే చెక్కపని మొదలుపెడదాం అన్నాను. పండక్కి థియేటర్ కావాలని ఉన్నా ఇంటాయన ఒప్పుకున్నారు. గోడ ప్యానెళ్లకు వెనక రెండంగుళాల ఖాళీ వదిలాం. డీహ్యూమిడిఫయర్ నీళ్లు పైపుతో సంపులోకి పోతాయి, సంపు పంపును జనరేటర్ లైన్ మీద పెట్టించాం.

దూలం

ఇక అసలు లెక్క. ముందు గోడకు అడుగున్నర దూరంలో స్క్రీన్, దాని వెనక మూడు స్పీకర్లు. స్క్రీన్ నుంచి వెనక గోడకు 20 అడుగుల 6 అంగుళాలు. దూలం స్క్రీన్‌కు 126 అంగుళాల దగ్గర మొదలై 138 దగ్గర ముగుస్తుంది. దూలం అడుగు 96 అంగుళాల ఎత్తున ఉంది, దానికి బట్ట ప్యానెల్ కొడితే 95.

స్క్రీన్ మూల నుంచి మూలకు 120 అంగుళాలు, 16:9. అంటే వెడల్పు 104.6, ఎత్తు 58.8. కింది అంచు నేలకు 28 అంగుళాల పైన పెడితే పై అంచు 87 దగ్గరికి వస్తుంది.

దూలం ఇవతలే, ముందు వైపే ప్రొజెక్టర్ పెడితే గొడవే ఉండదు కదా అని ఇంటాయన బావమరిది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. హోమ్ థియేటర్ ప్రొజెక్టర్ల త్రో నిష్పత్తి, అంటే దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే సంఖ్య, సాధారణంగా 1.35 దగ్గర మొదలవుతుంది. 104.6 అంగుళాల వెడల్పు బొమ్మకు లెన్స్ కనీసం 141 అంగుళాల దూరంలో ఉండాలి. దూలం ముందు పెడితే, ప్రొజెక్టర్ పొడవు పోను, లెన్స్‌కు దొరికేది 108 అంగుళాలు. దాంతో వచ్చే బొమ్మ మూల నుంచి మూలకు 92 అంగుళాలు. పైగా యంత్రం ముందు వరస దగ్గర, తలకు కాస్త ముందుగా మోగుతుంది. కనుక వెనక్కే.

వెనక గోడ దగ్గర యంత్రం పొడవు, కేబుళ్ల మలుపు, గాలి ఆడే ఖాళీ తీసేస్తే లెన్స్ స్క్రీన్‌కు 216 అంగుళాల దూరంలో, అంటే 18 అడుగుల దగ్గర కూర్చుంటుంది. ఎంత ఎత్తులో? మామూలుగా బిగించేవాళ్లు ఫాల్స్ సీలింగ్‌కు దగ్గరగా పెడతారు. ఇక్కడ ఫాల్స్ సీలింగ్ 108 అంగుళాలు, లెన్స్ 100 దగ్గరికి వస్తుంది. అప్పుడు లెన్స్ నుంచి స్క్రీన్ పై అంచుకు వెళ్లే కిరణం దూలం వెనక అంచు దగ్గర ఎంత ఎత్తులో ఉంటుందో చూడాలి. తేడా 13 అంగుళాలను 138తో గుణించి 216తో భాగిస్తే 8.3. దానికి 87 కలిపితే 95.3. ప్యానెల్ అడుగు 95. అంటే దూలం కిరణాన్ని కోస్తుంది, బొమ్మ పై అంచు నీడ పడుతుంది. తేడా అంగుళంలో మూడోవంతే, కళ్లతో చూసి చెప్పగలిగేది కాదు.

లెన్స్‌ను 94 అంగుళాలకు దించితే అదే కిరణం 91.5 దగ్గర దాటుతుంది. మూడున్నర అంగుళాల ఖాళీ. గోడల నిలువు, స్క్రీన్ మట్టం కాస్త అటూ ఇటూ అయినా సరిపోయే ఖాళీ. అందుకే 94 ఖాయం చేశాం.

దూలం స్క్రీన్ సైజును కూడా నిర్ణయించింది. ఇంట్లో కుర్రాడికి 135 అంగుళాలు కావాలని ఉంది. దాని ఎత్తు 66. కింద 28 నుంచి మొదలైతే పై అంచు 94కు వస్తుంది, అప్పుడు దూలం కింద మిగిలేది అంగుళమే. కిందికి దించుదామంటే వెనక వరసకు ముందువాళ్ల తలలు అడ్డం. 120 దగ్గర ఆగడానికి కారణం డబ్బు కాదు, కాంక్రీటు.

తలల లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే దీన్ని చాలామంది వదిలేస్తారు. రిక్లైనర్‌లో కూర్చున్నవాళ్ల కన్ను 40 అంగుళాల ఎత్తు, తల 46 అనుకున్నాం. ముందు వరస 12 అడుగుల దగ్గర, వెనక వరస 17 అడుగుల దగ్గర. ఇంటీరియర్ వాళ్లు గీసిన రైజర్, అంటే వెనక వరసను ఎత్తే అరుగు, 12 అంగుళాలు. దాని మీద కన్ను 52. ముందువాళ్ల తల మీదుగా పోయే చూపు స్క్రీన్‌ను 31.6 అంగుళాల దగ్గర తాకుతుంది. స్క్రీన్ మొదలయ్యేది 28 దగ్గర. స్కోప్ సినిమాకు, అంటే వెడల్పు ఎక్కువై ఎత్తు తక్కువగా ఉండే బొమ్మకు, కింద నల్ల పట్టీ ఉంటుంది కాబట్టి తెలియదు. క్రికెట్ పెడితే స్కోరు కనిపించదు! రైజర్‌ను 14 అంగుళాలు చేయించాం, ఏడేసి అంగుళాల రెండు మెట్లు. చూపు 27 దగ్గరికి దిగింది, స్కోరు పూర్తిగా కనిపిస్తుంది. రైజర్ పైభాగం నుంచి ప్రొజెక్టర్ కింది అంచుకు 6 అడుగుల 4 అంగుళాలు ఉంది. ఇంట్లో అందరికీ అది చాలు. ముందు వరస దగ్గర ఆరడుగుల మనిషి నిలబడితే మాత్రం జుట్టు బొమ్మలో కనిపిస్తుంది, ఆ సంగతి ముందే చెప్పాం.

రెండు యంత్రాల మధ్య

ఈ కొలతలన్నీ వచ్చాక ప్రొజెక్టర్ నుంచి ఏం కావాలో రెండు సంఖ్యల్లో తేలిపోయింది. త్రో 216ను 104.6తో భాగిస్తే 2.07. స్క్రీన్ మధ్య బిందువు 57.4 అంగుళాలు, లెన్స్ 94, తేడా 36.6, బొమ్మ ఎత్తులో 62 శాతం. అంటే లెన్స్ షిఫ్ట్, యంత్రాన్ని వంచకుండా లెన్స్‌ను జరిపి బొమ్మను పైకీ కిందికీ కదిపే వీలు, కనీసం 62 శాతం ఉండాలి. ఇది లేని ప్రొజెక్టర్‌ను వంచి పెట్టి కీస్టోన్‌తో సరిచేస్తారు. కీస్టోన్ చేసేది బొమ్మను కుదించి పిక్సెళ్లను పారేయడం. లక్షలు పెట్టి 4కె కొని అందులో కొంత మెనూలో పారేసుకోవడం నాకు ఒప్పుదల కాదు. ఈ రెండు సంఖ్యల ముందు చవక ప్రొజెక్టర్లు చాలావరకు తమంతట తామే జాబితా నుంచి పోయాయి.

మిగిలినవాటిలో రెండింటిని దగ్గర పెట్టి చూశాం. ఎప్సన్ ఎల్‌ఎస్12000: 2700 ల్యూమెన్ల (యంత్రం ఇచ్చే వెలుతురు కొలత) లేజర్, త్రో 1.35 నుంచి 2.84, నిలువు షిఫ్ట్ 96 శాతం, లెన్స్ మోటార్ మీద కదులుతుంది. సోనీ ఎక్స్‌డబ్ల్యూ5000ఈఎస్: 2000 ల్యూమెన్ల లేజర్, త్రో 1.38 నుంచి 2.21, షిఫ్ట్ 71 శాతం, లెన్స్ చేత్తో తిప్పాలి. రెండూ ఈ గదికి సరిపోతాయి. సోనీ అసలైన 4కె, అంటే యంత్రం లోపలి ప్యానెల్ మీదే అడ్డంగా 3840 పిక్సెళ్లు. ఎప్సన్ తన 1920 పిక్సెళ్ల ప్యానెల్ ఇచ్చే బొమ్మను నాలుగు చోట్లకు వేగంగా జరిపి 4కె బొమ్మ కడుతుంది.

అసలైన 4కెనే తీసుకోవాలని ఇంటాయన పట్టు. ఆయన పట్టు తప్పు కాదు, ముక్కు ఆనించి చూస్తే సోనీ గీతే పదును. కూర్చునేచోటి నుంచి ఏమవుతుందో లెక్క చూద్దాం అన్నాను. 6/6 చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతును, అంటే ఒక నిమిషం కోణాన్ని విడదీసి చూడగలదు. 12 అడుగుల నుంచి ఈ స్క్రీన్ మీద 4కె పిక్సెల్ 0.65 నిమిషాలే. వెనక వరసకు ఇంకా చిన్నది. అంటే కన్ను పట్టుకోగలిగినదానికంటే సన్నం. మరో పక్క, లెన్స్ 18 అడుగుల వెనక ఉంది కాబట్టి జూమ్ టెలీ వైపు, అంటే దూరం నుంచి వేసే కొస వైపు వాడతాం, అక్కడ లెన్స్ గుండా వచ్చే వెలుతురు తగ్గుతుంది. నేత స్క్రీన్ మరికొంత తినేస్తుంది, మేం తీసుకున్న బట్ట గెయిన్, అంటే మామూలు తెల్ల తెరతో పోలిస్తే అది తిరిగి పంపే వెలుతురు, 0.85. వెలుతురులో మిగులు ఉన్న యంత్రం ఈ గదికి మేలు. ప్లేస్టేషన్ కోసం ఎప్సన్‌లో 4కె 120 హెర్ట్జ్, అంటే సెకనుకు 120 ఫ్రేములు కూడా ఉంది. చివరిగా, ఫోకస్. ప్రొజెక్టర్ దగ్గర ఒకరు నిలబడి తిప్పుతుంటే స్క్రీన్ దగ్గర ఇంకొకరు "కొంచెం ఇటు, ఇంకొంచెం అటు" అని అరిచే పని మోటార్ లెన్స్‌తో తప్పుతుంది. రిమోట్ పట్టుకుని స్క్రీన్ పక్కనే నిలబడి పిక్సెల్ గీతలు చూస్తూ ఫోకస్ చేయవచ్చు. ఎప్సన్ తీసుకున్నాం. దూలం లేని గదిలో, మామూలు తెల్ల తెరతో, 14 అడుగుల త్రో ఉంటే నేనే సోనీ వైపు మొగ్గేవాణ్ణి.

స్కోప్ స్క్రీన్ గురించి కూడా మాట్లాడుకున్నాం. మన సినిమాలు ఎక్కువ 2.39 నిష్పత్తిలోనే వస్తాయి. అయినా ఈ ఇంట్లో క్రికెట్ గంటలే ఎక్కువ. 16:9 తెర పెట్టి, సినిమాకు పైనా కిందా ఏడున్నర అంగుళాల వెల్వెట్ పట్టీలు అయస్కాంతంతో అతికేలా చేయించాం. పట్టీలు పెట్టాక బొమ్మ చుట్టూ బూడిదరంగు ఏమీ మిగలదు.

గోడ రంగు

ఇంటీరియర్ డ్రాయింగ్‌లో సీలింగ్ క్రీమ్ రంగు జిప్సం, బంగారు అంచు, కోవ్ లైట్లు. గోడలు లేత గోధుమ రంగు. అందంగానే ఉంది. కానీ ఈ పనిలో నేను అన్నిటికంటే గట్టిగా నిలబడింది ఇక్కడే.

తెర మీద పడిన వెలుతురు అక్కడే ఆగదు. లేతరంగు సీలింగ్‌కు, గోడలకు తగిలి తిరిగి తెర మీదికే వస్తుంది. చీకటి సన్నివేశంలో ఒక దీపం ఉందనుకోండి, ఆ దీపం వెలుతురే తిరిగొచ్చి చుట్టూ ఉన్న నలుపును బూడిద చేస్తుంది. దీన్ని ఏ ప్రొజెక్టరూ, ఎంత ఖరీదుదైనా, తప్పించలేదు. నలుపు వెలుతురు లేకపోవడం, గదిలో వెలుతురు తిరుగుతుంటే అది రాదు.

మాటలతో ఒప్పించడం కష్టం కాబట్టి డెమో యంత్రం తెచ్చి ప్రైమర్ కొట్టిన తెల్ల గదిలోనే చూపించాం. నలుపు తెలుపు గళ్ల బొమ్మ వేసి, నల్ల గడిలో, తెల్ల గడిలో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ పెట్టి చూశాను. తెలుపుకూ నలుపుకూ నిష్పత్తి 70 దగ్గర వచ్చింది. తర్వాత సీలింగ్‌కు, ముందు గోడలకు టెంట్ హౌస్ నుంచి తెచ్చిన నల్ల గుడ్డ కట్టి మళ్లీ వేశాం. 200 దాటింది. మీటర్ అంకె ఎవరూ చూడలేదు, బొమ్మ చూశారు, అది చాలు.

పెద్దావిడకు మాత్రం నచ్చలేదు. "కొత్తింట్లో ఈ నలుపేంటి బాబూ" అన్నారు. ఆమె మాటను పక్కన పెట్టి పని చేయడం నాకు ఇష్టం లేదు, ఆ గదిలో ఎక్కువ గంటలు కూర్చునేది ఆమే. "నలుపు వద్దమ్మా, దూలం ఇవతల బొగ్గు బూడిద వేద్దాం, అవతల మీకు నచ్చిన రంగు" అన్నాను. స్క్రీన్ నుంచి దూలం దాకా గోడలకు మెరుపులేని ముదురు బూడిద బట్ట, సీలింగ్‌కు అదే రంగు మ్యాట్ పెయింట్. దూలం వెనక సగానికి మెరూన్. ముందు భాగంలో మెరూన్ వేయనిది కావాలనే: ఎర్ర గోడ నుంచి తిరిగొచ్చే వెలుతురు ఎర్రగానే ఉంటుంది, తెల్ల చొక్కాకు గులాబీ ఛాయ పడుతుంది. బంగారు అంచు వెనక భాగంలో ఉండిపోయింది. ఇన్నాళ్లూ అడ్డమనుకున్న దూలమే రెండు రంగులకు హద్దయింది.

బిగింపు

శ్లాబు 114 అంగుళాలు, లెన్స్ 94. అడుగు పైగా కిందికి వేలాడాలి. బజారులో దొరికే ఒంటి పైపు మౌంట్ ఇంత పొడవున ఏసీ గాలికే కదులుతుంది. పై అంతస్తులో పిల్లలు పరిగెత్తితే శ్లాబు అదురుతుంది, 18 అడుగుల దూరంలో ఆ అదురు బొమ్మంతా వణికినట్టు కనిపిస్తుంది. ఒక ఫ్యాబ్రికేటర్‌తో చదరపు ఇనుప ట్యూబుల నాలుగు కాళ్ల చట్రం చేయించి, పక్కల ఏటవాలు పట్టీలు వెల్డింగ్ చేయించాం. శ్లాబుకు యాంకర్ ఫాస్టెనర్లు, మధ్యలో నియోప్రిన్ రబ్బరు దిమ్మెలు. యంత్రం బరువు 13 కిలోల లోపే, అయినా జిప్సం ఫ్రేమ్‌కు ఒక్క స్క్రూ కూడా పెట్టలేదు. రిటైనింగ్ గోడకూ పెట్టలేదు, వాటర్‌ప్రూఫింగ్ చేసిన గోడకు రంధ్రం వేయించడం నాకిష్టం లేదు. ఏసీ గాలి నేరుగా యంత్రం మీద పడకుండా గ్రిల్ చోటు మార్చాం. ఆ గాలికి యంత్రం వదిలే వేడి లెన్స్ ముందుగా పోతే బొమ్మ అంచులు ఎండలో రోడ్డులా తేలుతాయి.

రిసీవర్, సెట్‌టాప్ బాక్స్ అన్నీ మెట్ల కింది ర్యాక్‌లో. అక్కడి నుంచి ప్రొజెక్టర్‌కు దాదాపు 17 మీటర్లు. అంత దూరం రాగి హెచ్‌డీఎంఐ 48 గిగాబిట్లు మోయదు, ఫైబర్ కేబుల్ కావాలి. దానికి ముందూ వెనకా ఉంటాయి, సోర్స్ అని రాసిన కొన ర్యాక్ వైపే ఉండాలి. పైపులోకి లాగే ముందే నేల మీద పరిచి 4కె 120 పరీక్షించాం. ఒకటిన్నర అంగుళం కాండ్యూట్, ఎక్కడా ఎల్బో లేకుండా పొడవాటి బెండ్లు, లోపల లాగుడు తీగ వదిలేశాం. తోడుగా ఒక క్యాట్6ఎ నెట్‌వర్క్ కేబుల్.

కరెంటుకు విడి ఎంసీబీ, విడి ఎర్తింగ్. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ చూసుకున్నాకే ప్లగ్ పెట్టాం. ప్రొజెక్టర్‌కు, రిసీవర్‌కు ఆన్‌లైన్ యూపీఎస్, అంటే కరెంటు పోయినా క్షణం కూడా ఆగనిది. గేటెడ్ కమ్యూనిటీలో జనరేటర్‌కు మారే ఆ కాసేపట్లో యంత్రం ఫ్యాను ఆగకుండా ఉండాలని. దుమ్ము పనులన్నీ అయ్యాక, గదిని రెండుసార్లు వాక్యూమ్ చేశాకే డబ్బా తెరిచాం.

చివరి కొలతలు

లేజర్ పూర్తి స్థాయిలో ఫ్యాను శబ్దం వెనక వరసకు తెలుస్తోంది, తగ్గించి చూశాం. సినిమా రంగుల్లో, జూమ్ ఉన్నచోట, తెర దగ్గర 398 లక్స్. తెర వైశాల్యం 3.97 చదరపు మీటర్లు కాబట్టి సుమారు 1580 ల్యూమెన్లు. డబ్బా మీది 2700తో పోలిస్తే తక్కువనిపిస్తుంది, కానీ సరైన రంగుల్లో, నిజమైన గదిలో అంకె ఇలాగే ఉంటుంది. బట్ట గెయిన్ కలిపితే తెర వెలుతురు 108 నిట్లు. డిజిటల్ సినిమా హాలు ప్రమాణం 48. హెచ్‌డీఆర్‌కు, అంటే వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే బొమ్మకు, ఈ మిగులు పనికొస్తుంది. 1000 నిట్లకు తయారైన బొమ్మను 108లోకి సర్దడం ప్రొజెక్టర్ పని, ఆ సర్దుబాటు మెనూలో ఇంటాయనకు చూపించాను. హెచ్‌డీఆర్‌లో ఇంకో రకమైన డాల్బీ విజన్ ఈ యంత్రంలో లేదు, ఓటీటీ దానంతట అదే హెచ్‌డీఆర్10 ఇస్తుంది. స్ట్రీమింగ్ బాక్స్‌లో ఫ్రేమ్ రేట్ మ్యాచ్ ఆన్ చేశాం, లేకపోతే 24 ఫ్రేముల సినిమా కెమెరా తిరిగినప్పుడల్లా కుదుపులు పడుతుంది.

రంగులు పూర్తయిన గదిలో గళ్ల బొమ్మ మళ్లీ వేసి కొలిస్తే నిష్పత్తి 220 వచ్చింది, నల్ల గుడ్డ కట్టిన రోజుకంటే కాస్త మెరుగు. ఇంటివాళ్లకు ఇచ్చిన కాగితంలో మూడే పనులు రాశాను. డీహ్యూమిడిఫయర్ 55 శాతం తేమ మీద, వానాకాలమంతా, సినిమా ఉన్నా లేకపోయినా నడవాలి. గాలి ఫిల్టర్ రెండు నెలలకోసారి వాక్యూమ్ చేయాలి. ఉప్పు పొంగిన మూల దగ్గర ప్యానెల్‌కు తలుపు పెట్టించాం, పెద్ద వాన పడిన మర్నాడు దాన్ని తెరిచి గోడ తడిమి చూడాలి.